పదకొండున్నరకి రెండు బిస్కెట్లు

రెండు కవర్లూ ఒకే రోజు వచ్చాయి. ఒకే ఇన్సూరెన్సు కంపెనీ, ఒకే ముద్ర, ఒకే మందం. ఒకటి నాకు, ఒకటి మా చెల్లికి. మేమిద్దరం యూనిఫారాలు కుట్టే ఒకే కంపెనీలో పనిచేస్తాం కాబట్టి ఉత్తరాలు ఆఫీసు గదికే వచ్చాయి. గుమాస్తా వాటిని తెచ్చి నా కత్తిరింపు బల్ల మీద పెట్టి, "మాస్టరమ్మా, మీ అక్కచెల్లెళ్ళ జాతకాలు వచ్చాయి" అన్నాడు.

చెల్లికి ఆపరేషన్ మంజూరైంది. నాకు కుదరదన్నారు.

నాకు కడుపు మండిపోయింది. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడటం నాకు చేతకాదు కనక ఉన్నదున్నట్టు చెబుతున్నాను. చెల్లి ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఆయాసపడుతూ వచ్చింది. ముందు తన కాగితం చూసుకుంది, తర్వాత నాది చూసింది. "అయ్యో అక్కా!" అంది. తిరస్కారం కన్నా ఆ అయ్యో ఎక్కువ మండింది. తన కాగితం మడిచి జాకెట్లో దోపుకుంటుంటే దాన్ని లాక్కుని నా కత్తెరతో ముక్కలు చేయాలనిపించింది. కత్తెర చేతిలోనే ఉంది కూడా.

ఈ ఆపరేషన్ కడుపును చిన్నది చేసి ఒళ్ళు తగ్గించేది. షోకు కోసం అడగలేదు నేను. ఇరవై రెండేళ్ళుగా ఈ బల్ల ముందు నిలబడి గుడ్డ కోస్తున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ముప్పై కిలోలు తగ్గితే తప్ప మోకాళ్ళు ముట్టుకోనని ఎముకల డాక్టరు చెప్పేశాడు. వచ్చే ఏడాదికి నిలబడలేకపోతే బొత్తాల సెక్షన్‌కి మారుస్తానని యజమాని మెత్తగా చెప్పాడు. బొత్తాల సెక్షన్ అంటే కిటికీ లేని గదిలో వరసగా స్టూళ్ళు, ఒళ్ళో డబ్బా. అక్కడికి వెళ్ళిన వాళ్ళను ఎవరూ మాస్టరమ్మా అని పిలవరు.

చెల్లికి ఆ బెడద లేదు. దాని పని కూర్చుని చేసేదే. చొక్కా మడతపెట్టడం, సంచిలో వేయడం, డబ్బాకి తాడు కట్టడం. అయినా మంజూరు దానికే. చిన్నప్పటి నుంచీ ఇంతే. నాకంటే మూడేళ్ళు చిన్నది, రెండంగుళాలు పొడుగు. నాకు కుట్టిన గౌను పొట్టిదైతే అంచు విప్పి దానికి వేసేవాళ్ళు. నా ఒంటి మీద గోనెసంచిలా ఉన్నదే దాని ఒంటి మీద కొత్తదానిలా ఉండేది. "చిన్నదానికి ఏదేసినా నప్పుతుంది" అనేది అమ్మ. పెద్దయ్యాక ఇద్దరమూ లావయ్యాం. అందులో మాత్రం దేవుడు పక్షపాతం చూపలేదు. కానీ అది లావైతే నిండుగా ఉందన్నారు, నేను లావైతే తగ్గొచ్చు కదా అన్నారు.

మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే ఛాతీ, నడుము, భుజం కొలతలు నా కంట్లో పడిపోతాయి. అర అంగుళం తేడా రాదు. ఆ కన్ను మా చెల్లి మీద నలభై ఏడేళ్ళుగా ఉంది. దాన్ని నా అరచేతిలో గీతల్లా చదివేస్తానని నా ధీమా.

మా పాలసీలో ఈ ఆపరేషన్ అడగాలంటే ముందు ఆరు నెలలు డైటీషియన్ చెప్పినట్టు తినాలి. ప్రతి నెలా మొదటి శనివారం తూకం. ఒక్క నెల తప్పినా మళ్ళీ ఒకటో నెల నుంచే. తూగాక ఆ డైటీషియనే పసుపుపచ్చ కార్డు మీద అంకె వేసి సంతకం పెట్టి ఇస్తుంది. ఆరు నెలలకి ఆరు గడులు.

మొదటి నెల నాకు నూట ఒకటి పడింది, చెల్లికి వంద. బస్సెక్కగానే, "ఏదీ అక్కా, నీ కార్డు" అని చెయ్యి చాపింది. చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు గుచ్చుకుంది. ఆ ఒక్క కిలో ఆ నెలంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

రెండో నెల నుంచి నా పద్ధతి నేను పెట్టుకున్నాను. గురువారం నుంచి ముద్ద ముట్టేదాన్ని కాదు. శుక్రవారం మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు కూడా మానేసేదాన్ని. శనివారం పొద్దున నాలిక పిడచగట్టుకుపోయి, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతుంటే వెళ్ళి కాటా ఎక్కేదాన్ని. అంకె దిగేది. ప్రాణం లేచొచ్చేది. తిరుగు బస్సులో చెల్లి చెయ్యి చాపేదాకా ఆగి, అప్పుడు తీసేదాన్ని కార్డు. తొంభై ఎనిమిది, తొంభై ఏడు, తొంభై అయిదున్నర. దానిది తొంభై తొమ్మిది దగ్గర మొండికేసింది. మోకాళ్ళ నొప్పి కూడా గుర్తొచ్చేది కాదు.

దాని బరువు ఎందుకు తగ్గడం లేదో నాకు తెలుసు. నా బల్ల దగ్గర్నుంచి ప్యాకింగ్ బల్ల తిన్నగా కనబడుతుంది. రోజూ పదకొండున్నర అయ్యేసరికి సంచిలో చెయ్యి పెట్టి రెండు బిస్కెట్లు, ఒక్కోసారి మూడు, నోట్లో వేసుకునేది. దొంగలా అటూ ఇటూ చూసి మరీ. ఇక మధ్యాహ్నం భోజనానికి ముందు చిన్న పౌచ్ ఒకటి పట్టుకుని బాత్రూంకి వెళ్ళేది. పౌడరద్దుకోవడానికి! ఈ వయసులో, ఆ బిస్కెట్ల మొహానికి పౌడరొకటి అనుకునేదాన్ని.

నాలుగో నెల బస్సులో నా కార్డు చూసి అంది, "అక్కా, పొట్ట మాడ్చుకుని తూకానికి రాకు. తగ్గినా నిదానంగా తగ్గు. ఆ పాలసీ పుస్తకంలో ఒక అంకె ఉంది, దాని కిందకి పోతే..."

"పోతే నీకేమిటే? నువ్వు తగ్గలేక నా మీద ఏడుపా?" అన్నాను.

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. చెల్లి పక్క వరస సీట్లోంచి నా కార్డు నా ఒళ్ళో పెట్టి కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఓడిపోయినవాళ్ళు అంతేలే అనుకున్నాను.

ఆరో నెల నాది తొంభై మూడు, దానిది తొంభై ఎనిమిది. ఆ రోజు మా ఆయన తలుపు తీస్తూనే, "ఏంటి, లాటరీ తగిలిందా?" అన్నాడు. అంతలా వెలిగిపోతోందట మొహం.

కవర్లు వచ్చిన సాయంత్రం ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేశాను. అవతల ఒక పిల్ల చాలా మర్యాదగా మాట్లాడింది.

"మేడం, మీ ఎత్తుకీ బరువుకీ కట్టిన లెక్క ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు వచ్చింది. మా రూలు నలభై."

"ఆర్నెల్ల కిందట నలభై రెండు ఉండాలి కదమ్మా!"

"ఉంది మేడం. కానీ చివరి నెల తూకమే తీసుకుంటాం. మీరు చాలా చక్కగా తగ్గారు. కంగ్రాట్స్ మేడం!"

ఆరు నెలలు సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టు అంటారు. నా విషయంలో ఆ ముసలమ్మ కూడా నేనే.

"ఇంక దారే లేదా?"

"ముప్పై అయిదు దాటి, షుగరు లాంటి పెద్ద జబ్బేదైనా ఉంటే ఇస్తాం మేడం. మీకేమైనా ఉందా?"

"చూసి చెప్తాను" అన్నాను, బీరువాలో ఉందేమో వెతికి చెప్తానన్నట్టు.

మర్నాడే లాబ్‌కి వెళ్ళాను. రక్తం తీసే అతను సూది గుచ్చుతూ, "ఉన్నట్టుండి చేతులు వణకడం, చెమటలు పట్టడం, అలాంటివేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. శుక్రవారాలు ఉండేవి, కానీ అవి చెప్పుకునేవి కావు. రెండు రోజులకి కాగితం ఇస్తూ నవ్వాడు. "షుగర్ లేదు, థైరాయిడ్ లేదు, ఏమీ లేదమ్మా. ఈ వయసులో ఇలా ఉండటం అదృష్టం." ఇంటికొచ్చి మంచం మీద కూలబడి ఏడ్చాను. "రిపోర్టు బాగుందని ఏడ్చే మనిషిని నిన్నే చూశా" అన్నాడు మా ఆయన.

రిపోర్టు వచ్చిన మర్నాడు పనిలో ఉండగా బుర్రకి ఒకటి తట్టింది. సుద్దముక్కతో బల్ల మీదే చెల్లి లెక్క కట్టాను. దాని ఎత్తు నాకు తెలియదా, బరువు నేను చూడలేదా? ముప్పై ఎనిమిది పాయింట్ మూడు వచ్చింది. నాకంటే తక్కువ! రెండోసారి కట్టాను. అంతే వచ్చింది. నలభై లేదు. మరి జబ్బు? దానికి జబ్బేమిటి, రాయిలా ఉంటుంది. జలుబు చేసి సెలవు పెట్టగా కూడా నేను చూడలేదు. అంటే ఎవరినో పట్టుకుని దొంగ సర్టిఫికెట్ సంపాదించిందన్నమాట. బిస్కెట్లు తిన్నది అది, మాడి చచ్చింది నేను, మంజూరు దానికి!

సరిగ్గా అప్పుడే వచ్చింది గుడ్డ పట్టుకుని. నీలం రంగు మీద సన్నటి తెల్ల పూలు. నాకూ నచ్చింది, అదొక మంట.

"అక్కా, దీంతో ఒక డ్రెస్సు కోసి పెట్టవా? ఇప్పటి కొలత కాదు. ఆపరేషన్ అయిన ఏడాదికి నేనెంత ఉంటానో ఆ కొలత. నీ కంటికి తెలుస్తుంది కదా."

నా బల్ల మీద ఉన్న సుద్ద అంకెలు చేత్తో తుడిచేసి, "అలాగే, పెట్టి వెళ్ళు" అన్నాను. అది వెళ్ళాక కత్తెర తీసి ఇప్పటి కొలతకే కోశాను. కాదు, ఇంకో అంగుళం ఎక్కువే కోశాను. ఇలాగే ఉంటావు నువ్వు, ఇంకా ఊరతావు అనుకుంటూ కోశాను. ఇరవై రెండేళ్ళలో కొలత తప్పి కోసిన గుడ్డ అదొక్కటే.

శనివారం డైటీషియన్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. తూకానికి కాదు, చాడీకి. గోడకి పళ్ళ బొమ్మల చార్టు, బల్ల మీద ప్లాస్టిక్ యాపిల్, మూలన ఆ కాటా. ఆవిడ మా ఇద్దరి కన్నా చిన్నది, సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది. కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"మేడం, మా చెల్లి మిమ్మల్ని మోసం చేసింది. దాని లెక్క నలభై లేదు, జబ్బూ లేదు. పైగా ఆరు నెలలూ పని దగ్గర బిస్కెట్లు తింది. నా కళ్ళతో చూశాను. ఇదంతా మీరు పైకి రాయాలి."

"ఇంకొకళ్ళ ఫైలు గురించి నేను మాట్లాడకూడదండీ" అంది. అంటూనే పెన్ను తీసింది. "బిస్కెట్లు ఎన్ని గంటలకి తింటారు?"

"పదకొండున్నరకి."

"రోజూనా?"

"వారంలో అయిదు రోజులు. ఒక్కోసారి రెండు, ఒక్కోసారి మూడు. క్రీముండే రకం." రాస్తోంది కదా అని నాకు ఉత్సాహం వచ్చింది.

"తినేముందు ఎలా ఉంటారు? చేతులు వణుకుతాయా? చెమట పడుతుందా?"

డబ్బాకి తాడు కడుతూ ముడి పడక మూడుసార్లు విప్పి కట్టిన చెల్లి చేతులు గుర్తొచ్చాయి. పని మీద ధ్యాస లేదు దీనికి అనుకున్నాను అప్పుడు. ఫ్యాను కింద కూర్చుని కూడా పైటతో మెడ తుడుచుకునేది. ఒళ్ళు మరి అనుకున్నాను.

"వణుకుతాయి" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు... కాదు, మూడు."

ఆవిడ అంతా రాసుకుంది. "మీరొచ్చి చెప్పడం మంచిదైంది" అంది. నేను తేలు కుట్టిన దొంగలా లేచాను. మెట్లు దిగుతుంటే లాబ్ అతను అడిగిన ప్రశ్నలు చెవిలో మోగాయి. అవే రెండు ప్రశ్నలు. చేతులు, చెమట. బాత్రూంకి తీసుకెళ్ళే పౌచ్‌లో ఏముంటుందో బస్టాపులో నిలబడ్డాక తెలిసింది. పౌడరు కాదు.

ఇంటికెళ్ళి దానికి ఫోన్ చేయొచ్చు. చేయలేదు. సోమవారం నా బల్ల దగ్గర్నుంచి చూడొచ్చు. తలెత్తలేదు. ఏమని అడగను? ఒకవేళ ఆపరేషన్ ఆగిపోతే? ఆపించడానికే కదా వెళ్ళాను. ఆగిపోతే చాలని శనివారం పొద్దున దండం పెట్టుకున్న దాన్ని, ఆగిపోకూడదని శనివారం సాయంత్రం అదే దేవుడికి దండం పెట్టాను. ఆయన నా గురించి ఏమనుకున్నాడో.

బుధవారం పని అయ్యాక చెల్లి నా బల్ల దగ్గరికొచ్చింది. అందరూ వెళ్ళిపోయారు. మిషన్ల మీద గుడ్డలు కప్పేశారు. అది స్టూలు లాక్కుని కూర్చుంది.

"డైటీషియన్ మేడం పిలిపించింది అక్కా. సూది మందు డోసు ఎక్కువైపోయిందంట. పదకొండున్నరకల్లా షుగర్ పడిపోతోందంట, అందుకే ఆ వణుకు. ఆ డోసుతోనే ఆపరేషన్‌కి ముందు పెట్టే ఉత్త జావల, రసాల తిండికి వెళ్ళుంటే స్పృహ తప్పి పడిపోయేదాన్నంట. డాక్టరు డోసు తగ్గించాడు. ఆపరేషన్ రెండు వారాలు వెనక్కి జరిపారు, అంతే."

"ఎప్పట్నుంచే నీకు?"

"షుగరా? నాలుగేళ్ళు. సూది ఏడాది నుంచి."

నాలుగేళ్ళు. నా అరచేతిలో గీతలు!

"మేడం ఎవరు చెప్పారో చెప్పలేదు" అంది చెల్లి. "కానీ పదకొండున్నరకి, రెండు, ఒక్కోసారి మూడు, క్రీము బిస్కెట్లు, వారంలో అయిదు రోజులు అని ఆవిడ ఫైల్లో రాసుంది. మా ఇంటాయనకి నేను పొద్దున ఏం తిన్నానో కూడా తెలీదు. లోకంలో నన్ను అంత లెక్కగా చూసేది నువ్వొక్కదానివే అక్కా." దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా గురించి నువ్వు అంత పట్టించుకుంటావనుకోలేదు."

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే జీవితాంతం నేను దాని ప్రాణం కాపాడిన అక్కని. ఆ పీట ఎంత ఎత్తుగా ఉందో కనబడుతూనే ఉంది. ఎక్కి కూర్చోవాలనీ అనిపించింది.

"పట్టించుకోలేదే" అన్నాను. "నీ ఆపరేషన్ ఆపించడానికి వెళ్ళాను. దొంగ సర్టిఫికెట్ అనుకున్నాను. నీ మీద చాడీ చెప్పడానికి సెలవు రోజు రెండు బస్సులు మారి వెళ్ళాను."

చెల్లి పైటతో కళ్ళు తుడుచుకుంది. బల్ల మీది సుద్దపొడిలో వేలితో గీతలు గీసింది.

"నాకూ తెలుసులే" అంది చివరికి. "ఊరికే, ఒక్క రోజన్నా వేరేలా అనుకుందామని."

అంతకన్నా అది నన్ను కొట్టినా బాగుండేది.

"నాలుగేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే అందులోనూ నాతో పోటీకొస్తావని."

"వచ్చానే" అన్నాను. "లాబ్‌కి వెళ్ళాను. నాకూ షుగర్ ఉంటే బాగుండని పరీక్ష చేయించుకున్నా. రాలేదు."

అది నా మొహం కేసి చూసింది. ముందు నవ్వొచ్చింది దానికి, తర్వాత ఏడుపు. నాకు ముందు ఏడుపొచ్చింది. వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి తాళాలు గలగలలాడించేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

లేవబోతూ నీలం గుడ్డ చూసింది. ముక్కలు పైకెత్తి తన నడుముకి ఆనించుకుంది. గుడ్డ బుట్టలా నిలబడింది. కొలత తెలియని వాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

"అది కూడా కావాలనే కోశాను" అన్నాను. ఇక దాచడానికి ఏం మిగిలింది కనక.

"పెద్దగా కోస్తే నష్టం లేదు కదా" అంది మడతపెడుతూ. "లోపలికి కుట్టుకోవచ్చు. చిన్నగా కోసుంటే పారేయాల్సొచ్చేది."

దాని ఆపరేషన్ బాగా జరిగింది. కాగితం మీద దగ్గరి మనిషి సంతకం నాదే పెట్టించుకుంది. నేను మళ్ళీ ఒకటో నెల నుంచి మొదలుపెట్టాను. డైటీషియన్‌కి నా గురువారాలు, శుక్రవారాలు అన్నీ చెప్పేశాను. ఆవిడ కొత్త కార్డు తీసి, "ఈసారి కడుపునిండా టిఫిను తిని రండి" అంది. తిని వెళ్ళాను. తొంభై ఏడు. నలభై దాటింది. ఆ అంకె చూసి ఊపిరి పీల్చుకోవాలో సిగ్గుపడాలో తెలియలేదు. యజమాని ఎత్తు స్టూలు ఒకటి తెప్పించి బల్ల దగ్గర వేయించాడు, ఆరు నెలలు చూద్దామన్నాడు.

నాలుగో నెల ఇది. ఈసారి మాడటం లేదు, అంకె తొంభై ఆరున్నర దగ్గర నిలబడింది. ఇంకో అరకిలో తగ్గితే మళ్ళీ నలభై కిందకి పోతానని రోజూ భయమే. తగ్గాలని ఆపరేషన్ అడుగుతూ తగ్గకుండా కాచుకోవడం నా ఖర్మ. చెల్లి ఆపరేషన్ తర్వాతి తూకాలకి నాతోనే వస్తోంది. నీలం డ్రెస్సు నాలుగుసార్లు లోపలికి కుట్టాను. కుట్టిన ప్రతిసారీ ఇంకొంచెం నప్పుతోంది దానికి. అసూయ పోయిందా అంటే, పోలేదు. సూది పట్టుకున్నంతసేపూ చురుక్కుమంటూనే ఉంటుంది. ఇప్పుడు పదకొండున్నరకి తలెత్తి దాని చేతులు కూడా చూస్తున్నాను. వణకడం లేదు. అయినా నా సంచిలో ఒక బిస్కెట్ పొట్లం ఉంటోంది.

మొన్న శనివారం బస్సెక్కగానే, "ఏదీ అక్కా" అంటూ చెయ్యి చాపింది. దాని చేతిలో తన కార్డుంది, డెబ్బై తొమ్మిది. నేను నా కార్డు తీసి ఇచ్చాను. చూసింది. ఈసారి ఏదో అనబోయి ఆగింది.

"చెప్పవే" అన్నాను. "వింటాను."

"వచ్చే నెల తూకానికి ముందు మా ఇంటికి రా. టిఫిను నేను పెడతాను" అంది. బస్సు మలుపు తిరిగింది. దాని పక్కకి జరిగి కూర్చున్నాను. ఇదివరకు మేమిద్దరం ఆ సీట్లో పట్టేవాళ్ళం కాదు.